పట్టుచీరలో శిలాజాల వేట

హిందూపురం,
మంగళవారం

గౌరవనీయులైన సుబ్బరాయుడు గారికి,

నమస్కారం. మీరు పంపిన రెండు నవలలూ చదివి, వచ్చిన అట్టలోనే మళ్లీ కట్టి గూట్లో పెట్టాను. ఈ ఉదయం చూస్తే దాని చుట్టూ చీమలు బారు కట్టాయి. మీరు అంటించిన మైదా జిగురు వాటికి నచ్చినట్టుంది. అట్ట అంచంతా తిరిగాయి, పుస్తకాల లోపలికి మాత్రం ఒక్కటీ పోలేదు. నాకు ఆ వెసులుబాటు లేకపోయింది.

పెనుకొండ పుస్తక మిత్ర మండలి కార్యదర్శిగా మీరు నాకు అప్పగించిన పని ఇది. రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఒక పేద వడ్రంగి కూతురు సముద్రపు ఒడ్డున కొండచరియలు తవ్వి, రాయిగా మారిపోయిన పాతకాలపు జంతువుల ఎముకలను బయటికి తీసింది. ఆమె మీద మన ప్రాంతంలో ఇద్దరు చారిత్రక నవలలు రాశారు. వాటిలో ఏది మేలో తేల్చమన్నారు. గెలిచిన నవలను మూడు ఊళ్ల బళ్లలోని ఆడపిల్లలకు బహుమతిగా ఇస్తామన్నారు.

తేల్చాను. రెండూ వద్దు.

ధర్మవరం కుమారస్వామి గారి ‘అలల ఒడిలో అందాలరాశి’ చూడండి. ఆయన పట్టుచీరల వ్యాపారి. నవలలో ఆమె పట్టుచీర కట్టుకుని కొండ ఎక్కుతుంది. ఇంగ్లండులో. వానలో. జరీ అంచు వర్ణన ఒకటిన్నర పేజీ, ఆమెకు దొరికిన జంతువు వర్ణన ఒకటిన్నర వాక్యం. ఎముక దొరికిన ప్రతిసారీ ఆమె ఏడుస్తుంది. నిజంగా అన్నిసార్లు ఏడ్చి ఉంటే ఆ ఒడ్డు ఈపాటికి కొట్టుకుపోయేది. చివర ఒక దొర ఆమెను పెళ్లాడతాడు. నిజానికి ఆమె ఎవరినీ పెళ్లాడలేదు. వెనక అట్ట మీద కథాసారం ఉండవలసిన చోట దుకాణం చిరునామా ఉంది. పుస్తకం మొత్తంలో నమ్మదగిన సమాచారం అదొక్కటే.

మా ఊరి మల్లికార్జున గారిది ‘శిలాజ శిఖామణి’. ఆయన రిటైరైన చరిత్ర లెక్చరరు. నాలుగు వందల పేజీలు. ఆమె సుత్తి పట్టుకునేది రెండు వందల పన్నెండో పేజీలో. అంతవరకూ దొరలు ఆమెకు పాఠాలు చెబుతారు, ఆమె తల వంచుకుని వింటుంది. ఇది నిజాన్ని తలకిందులుగా వేలాడదీయడం. ఆమె తవ్వి, శుభ్రం చేసి, ఇదేమిటో చెబితే విన్నది దొరలు. విని, పట్నం వెళ్లి, తమ పేర్లతో వ్యాసాలు చదివింది దొరలు. ఆ సభల్లోకి ఆమెను రానివ్వలేదు.

ఆమెకు ఒక కుక్క ఉండేది. కుమారస్వామి గారు ఆ కుక్క చేత పాట పాడించారు. మల్లికార్జున గారు కుక్కనే తీసేశారు. ఇద్దరిలో కుక్కకు మేలు చేసింది మల్లికార్జున గారు.

పూర్తి వ్యాసం జత చేశాను, ఆరు పేజీలు. నాది ఒకటే కోరిక. దాన్ని సభలో మొదటి నుంచి చివరి దాకా చదివించండి. ఒక్క వాక్యం కూడా తీయవద్దు. నా పేరు చెప్పనక్కర్లేదు, నేను రాను. నలుగురి ముందు నిలబడితే నాకు గొంతు పెగలదు. కాన్వెంటులో చదివేటప్పుడు లైబ్రరీలో ఆమె గురించి ఒక సన్నని ఇంగ్లీషు పుస్తకం ఉండేది. అది చదివాకే, మాట్లాడకుండా కూడా ఒక మనిషి పని చేసి చూపించవచ్చని నాకు తెలిసింది. ఈ రెండు నవలలూ చదివిన ఆడపిల్లలకు తెలిసేది పట్టుచీర కట్టడం, తల వంచడం.

ఇట్లు,
బి. వనిత

తా.క.: కవరు మీద ‘శ్రీమతి’ అని రాశారు. కాను.


పెనుకొండ,
శుక్రవారం

సాహితీ విదుషీమణి కుమారి వనిత గారికి,

రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ సుబ్బరాయుడు ఆశీర్వచనాలు. లోకమంతా ఫోన్లలో మునిగిపోయినా మా మండలి వ్యవహారం ఉత్తరాల మీదే నడుస్తుంది, నేను బతికున్నంత కాలం నడుస్తుంది. మీ కవరు అందింది. స్టాంపు వంకర లేకుండా అంటించారు. పిన్‌కోడు అంకెలు గళ్లలో కుదురుగా కూర్చున్నాయి. అది చూడగానే మీ విమర్శనాశక్తి ఏపాటిదో తెలిసిపోయింది. కాన్వెంటు సిస్టరు గారు మీ పేరు ఊరికే చెప్పలేదు. ఇంతకీ మీరు ఏ కాలేజీలో పాఠాలు చెబుతున్నారు?

నా కళ్లజోడు రిపేరులో ఉంది. మొదటి పేజీ మాత్రం భూతద్దం పెట్టి చదివాను. గంభీరంగా ఉంది.

‘నేను రాను, నా పేరు చెప్పవద్దు’ అన్నారు. ఎంత సంస్కారం! మా ఊళ్లో సన్మానానికి పిలిస్తే మర్యాదస్తులెవరూ మొదటిసారికే సరే అనరు. అన్నారంటే మేమే అనుమానపడతాం. మీరు వద్దన్న తీరు చూసి కమిటీ అంతా ముచ్చటపడింది. మీకు శాలువా, దండ, జ్ఞాపిక ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. నవలాకారులిద్దరూ వస్తారు. ధర్మవరానికీ హిందూపురానికీ మధ్య మాది రెండు పక్షాలకూ చెందని ఊరు గనుక సభ ఇక్కడే.

శుభాభినందనలతో,
సుబ్బరాయుడు

తా.క.: ఫ్లెక్సీకి ఒక ఫోటో పంపండి. నవ్వుతున్నది వద్దు. విమర్శకులు నవ్వితే జనం నమ్మరని మా వ్యాఖ్యాత వీరేష్ అంటాడు.


హిందూపురం,
సోమవారం

సుబ్బరాయుడు గారికి,

నమస్కారం. నేను మర్యాద కోసం వద్దనలేదు. వద్దు కాబట్టి వద్దన్నాను. శాలువా కూడా వద్దు.

ఫోటో లేదు. ఆధార్ కార్డులో ఒకటి ఉంది. దాన్ని చూసి మా అవ్వ “ఎవరీయమ్మ?” అని అడిగింది.

కళ్లజోడు వచ్చాక మిగిలిన ఐదు పేజీలూ చదవండి. అసలు తప్పులు అక్కడ ఉన్నాయి. రెండు నవలల్లోనూ ఆమె మనిషికంటే మూడింతల పొడవున్న జంతువును ఒక్క మధ్యాహ్నంలో తవ్వి తీస్తుంది. మా వీధిలో మునిసిపాలిటీ వాళ్లు ఒక పైపు కోసం తవ్వడం మొదలుపెట్టి ఉగాది దాటింది. ఆమె అసలు వెతికింది చలికాలంలో, తుఫాను కొట్టి చరియలు విరిగిపడ్డాక, మళ్లీ అల వచ్చేలోగా. కుమారస్వామి గారి నవలలో అంతా వెన్నెల. మల్లికార్జున గారి నవలలో వాతావరణమే లేదు.

వ్యాసం చదివిస్తారా లేదా అన్నది మీరు రాయలేదు. నేను అడిగింది అదొక్కటే.

ఇట్లు,
వనిత

తా.క.: ‘శిలాజ శిఖామణి’ మూడు వందల నాలుగో పేజీలో ఆ ఎముకల గూడు ఆమె కలలోకి వచ్చి, గురువుల మాట జవదాటవద్దని హితవు చెబుతుంది. చచ్చి కోట్ల ఏళ్లయిన మొసలిలాంటి జంతువు కూడా ఆమెకు పాఠం చెప్పకుండా ఉండలేకపోయింది.


పెనుకొండ,
గురువారం

విమర్శక శిరోమణి కుమారి వనిత గారికి,

సుబ్బరాయుడు నమస్సులు. ‘శాలువా కూడా వద్దు’ అన్న మాటలోని ‘కూడా’ను కమిటీ చాలాసేపు చర్చించింది. మేము అనుకున్న శాలువా పలచన అని మీకెవరో చెప్పి ఉంటారు. మందం శాలువాకు మారాం.

ఆదివారం నవలాకారులిద్దరూ మా ఇంటికి వచ్చారు. ఒకాయన ఎక్కిన రైలు అటునుంచి, ఇంకొకాయనది ఇటునుంచి. మా వరండాలో ఒకరికొకరు వీపు పెట్టి కూర్చున్నారు. ఇరవై ఏళ్లుగా వాళ్లకు మాటల్లేవు. ఎందుకో వాళ్లకే గుర్తులేదు. మీ మొదటి పేజీ చదివి వినిపించాను.

కుమారస్వామి ముఖం వెలిగిపోయింది. “ఇన్నావా సుబ్బన్నా! ఇంగ్లండు వానకు గూడా మా చీర రంగు పోలేదంటాండాది ఆయమ్మ. జరీ అంచు పేజీలు గూడా లెక్కబెట్టినాది. నోరు తెరిచి అడగలేక అట్ల రాసినాది. అదే చీర తీసి పెడదాం” అన్నాడు.

మల్లికార్జున కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. “రెండు నూర్ల పన్నెండో పేజీ దాకా వచ్చినాదప్పా! మా ఇంటామె పన్నెండో పేజీ దాటలేదు. ఈయమ్మకు ఏమిచ్చినా తక్కువే” అన్నాడు.

కాబట్టి శాలువాతో పాటు పట్టుచీర. మీ వ్యాసం బీరువాలో భద్రంగా పెట్టి తాళం వేశాను. ఎలుక కాదు కదా, గాలి కూడా దూరదు.

ఇట్లు మీ అభిమాని,
సుబ్బరాయుడు

తా.క.: ఫోటో రాలేదు గనుక ఫ్లెక్సీవాడు తన కంప్యూటరులో ఉన్న ఒక డాక్టరమ్మ ఫోటో పెట్టి, కింద మీ పేరు వేశాడు. బస్టాండులో కట్టాం. మోకాళ్ల నొప్పులకు ఎప్పుడు చూస్తారని ఇద్దరు వచ్చి అడిగిపోయారు.


హిందూపురం,
శనివారం

సుబ్బరాయుడు గారికి,

చీర వద్దు. శాలువా ఏ మందానిదైనా వద్దు. దండ వద్దు.

నేను పొగడలేదు. తిట్టాను. సాధ్యమైనంత తేలిక తెలుగులో తిట్టాను. మా పక్కింటి ఎనిమిదో తరగతి పిల్లకు చదివి వినిపిస్తే దానికి అర్థమైంది.

ఆ కాలంలో దొరలు ఆమెను సభలోకి రానివ్వకుండా ఆమె తవ్వినది తీసుకున్నారు. మీరు నన్ను సభలోకి లాగి, నేను రాసింది బీరువాలో పెడుతున్నారు. ఈ రెండింటిలో ఏది మేలో తేల్చమని మాత్రం నన్ను అడగవద్దు.

వ్యాసం చదివించండి. లేదంటే ఆ నవలలు పిల్లలకు ఇవ్వకుండా ఆపండి. రెండింటిలో ఒకటైనా చేయండి.

వనిత

తా.క.: సన్మానం ఆ డాక్టరమ్మకే చేయండి. ఫ్లెక్సీ మార్చే పని తప్పుతుంది.


పెనుకొండ,
బుధవారం

విమర్శక చక్రవర్తిని, మహా విదుషి వనిత గారికి,

సాష్టాంగ నమస్కారాలు. మూడోసారి కూడా వద్దన్నారు! ఉత్తరం చదివి మా అధ్యక్షుల వారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మా మండలి పుట్టాక ఇంతవరకూ మూడుసార్లు వద్దన్న మనిషి లేడు. రెండోసారికే అందరూ మెత్తబడతారు. తమరి స్థాయి తెలియక శాలువాతో సరిపెట్టబోయాం, మన్నించాలి. పెనుకొండ స్టేషను నుంచి సభ దాకా టాపు లేని జీపులో తమరి ఊరేగింపు, ముందు తప్పెట్లు. శాలువాను నవలాకారులిద్దరూ చెరొక కొస పట్టుకుని కప్పుతారు.

పోతే, ముఖ్య అతిథులు ఆరుగురయ్యారు. ఆరుగురూ మాట్లాడతారు. వ్యాసం చదవడానికి వ్యవధి లేదు. తమరు ఏ నవలనూ తగ్గించకుండా ఇద్దరినీ సమానంగా చూశారని కమిటీ గ్రహించింది. అందుచేత పిల్లలకు రెండు నవలలూ ఇస్తున్నాం.

ఇక సన్మాన పత్రం. పద్ధతి ప్రకారం ఎవరికి సన్మానమో వాళ్లే రాసి పంపుతారు, కింద మేము సంతకాలు పెడతాం. ఇప్పటిదాకా అందరూ అట్లాగే చేశారు, ఎవరూ తక్కువ రాసుకోలేదు. తమరు సిగ్గుపడతారని నేనే రాసి, హిందూపురంలో మాకు అలవాటైన ప్రెస్సుకు పోస్టులో పంపించాను. బంగారు అంచు వేసి, చట్రం కట్టించి, రంగు కాగితం చుట్టి వాళ్లే సభకు చేరవేస్తారు. ఏ కాలేజీయో తమరు చెప్పలేదు గనుక అక్కడ ఖాళీ వదిలాను. ఇప్పుడైనా తెలియజేయగలరు.

దాసుడు,
సుబ్బరాయుడు

తా.క.: సన్మాన పత్రం చదివేది మా వీరేష్. ఒకసారి మొదలుపెడితే మధ్యలో ఆపడం మా సభల్లో లేదు. ఒకసారి కరెంటు పోయింది, మైకు పోయింది, పందిరి కర్ర ఒకటి పడింది. వీరేష్ ఆగలేదు.


హిందూపురం,
శుక్రవారం
(పోస్టుకార్డు)

సుబ్బరాయుడు గారికి,

సరే. అంతా మీ పద్ధతి ప్రకారమే కానివ్వండి. నాకు బదులు మా అవ్వ తిప్పమ్మ వస్తుంది. ఆమెకు స్టేజీ భయం లేదు. శాలువా మందంగా ఉంటుందని చెప్పాను, సంతోషించింది. సన్మాన పత్రాన్ని మాత్రం మొదటి నుంచి చివరి దాకా చదివించండి.

వనిత

తా.క.: అవ్వకు చెవులు సరిగా వినిపించవు. మీ ముఖ్య అతిథులకు అంతకంటే మంచి శ్రోత దొరకదు.


పెనుకొండ,
సోమవారం

వనితకు,

బిరుదులు రాయడానికి చేయి ఆడటం లేదు. నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను. నీ దగ్గర సమాధానం ఉంటే చెప్పు తల్లీ.

మీ అవ్వ జీపులో బాగానే వచ్చింది. తప్పెట్లవాళ్లను “ఇంగా గట్టిగా కొట్టండప్పా, ఇనపడల్యా” అని ఊరంతా హోరెత్తించింది. ముఖ్య అతిథులు మాట్లాడుతుంటే “సంగటి ఎప్పుడప్పా?” అని నాలుగుసార్లు అడిగింది. మైకు పక్కనే ఉంది గనుక నాలుగుసార్లూ జనం చప్పట్లు కొట్టారు.

శాలువా తెచ్చాం. ధర్మవరం కొస కుమారస్వామి పట్టుకున్నాడు, హిందూపురం కొస మల్లికార్జున పట్టుకున్నాడు. సన్మాన పత్రం చదవడం అయిపోయాకే భుజాల మీద కప్పాలి. వీరేష్ రంగు కాగితం విప్పాడు. చట్రం ఎప్పుడూ ఉండేదానికి రెండింతలు. అక్షరాలు ఆవగింజలంత. వాడు గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు.

“ఆమె పట్టుచీర కట్టుకుని కొండ ఎక్కుతుంది! ఇంగ్లండులో! వానలో!”

సన్మాన పత్రం గదా, ప్రతి వాక్యానికీ చప్పట్లు. వీరేష్ ఎప్పుడూ అర్థం జోలికి పోడు, గొంతు వరకే వాడి బాధ్యత. “దుకాణం చిరునామా ఒక్కటే నమ్మదగిన సమాచారం!” అన్నప్పుడు కుమారస్వామి శాలువా కొస వదలబోయి మళ్లీ పట్టుకున్నాడు. అంతటితో తనను వదిలేశారనుకుని మల్లికార్జున నవ్వడం మొదలుపెట్టాడు. రెండు వందల పన్నెండో పేజీ వచ్చింది. నవ్వు ఆగిపోయింది.

“చేతులు నొస్తాండాయి మల్లికార్జునా, దించుదామా?” అన్నాడు కుమారస్వామి. ఇరవై ఏళ్లలో మొదటి మాట.

“యాడ దించేది? జనం చూస్తాండారు. నీ కుక్క పాట వస్తాండాది, విను” అన్నాడు ఈయన.

“నా కుక్క పాడనన్నా పాడినాది. నీ కుక్క యాడికి పోయినాది?”

కుక్క దగ్గర ముందు వరుసలో బడి పిల్లలు పడీపడీ నవ్వారు. ఎముకల గూడు కలలోకి వచ్చి పాఠం చెప్పిన చోట ముఖ్య అతిథుల్లో ముగ్గురు నవ్వారు. దొరలు ఆమెను సభలోకి రానివ్వలేదన్న చోట మాత్రం ఎవరూ నవ్వలేదు. చప్పట్లు కూడా కొట్టలేదు. వీరేష్ కూడా అక్కడ ఒక క్షణం ఆగాడు. కరెంటు పోయినా ఆగనివాడు.

అయిపోయాక బహుమతులకు పిల్లల్ని పిలిచాం. ఒక పిల్ల రెండు నవలలూ అటూ ఇటూ తిప్పి చూసి, “సార్, నిజమున్న పుస్తకం ఏది?” అని అడిగింది. నేను మల్లికార్జునను చూశాను. ఆయన కుమారస్వామిని చూశాడు. కుమారస్వామి వాచీ చూసుకున్నాడు. ఆ పిల్ల పుస్తకాలు బల్ల మీద పెట్టేసి పోయింది. వెనక వచ్చినవాళ్లూ అంతే చేశారు. వాళ్ల టీచరు సుకన్య వచ్చి, “ఈసారికి డిక్షనరీలు ఇచ్చేయండి సార్” అంది. నవలల పెట్టెలన్నీ ఇప్పుడు మా వరండాలో ఉన్నాయి. కుర్చీ వేసుకునే చోటు లేదు.

నవలాకారులిద్దరూ నాతో మాట్లాడటం లేదు. ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు, అది ఇంకా ఘోరం. ఒకే రైలు ఎక్కి ధర్మవరం పోయారట.

ఈ ఉదయం కళ్లజోడు వచ్చింది. బీరువా తీసి నీ ఆరు పేజీలూ చదివాను. అక్షరం పొల్లుపోకుండా వీరేష్ చదివింది అదే. నేను ప్రెస్సుకు పంపింది వేరు. ‘సరస్వతీ పుత్రిక’ అని నాలుగు చోట్ల రాశాను, ఒక్కటీ రాలేదు. నీ వ్యాసం నా బీరువాలో ఉంది, తాళంచెవి నా మొలతాడుకు ఉంది. మరి ప్రెస్సులోకి ఎట్లా పోయింది? యజమాని జయచంద్రకు గట్టిగా చీటీ రాసి, వెంటనే రైల్లో మనిషిని పంపాను. “మా దగ్గర అక్షరం తప్పు పోదు” అని ఒక్క ముక్క రాసి సాయంత్రానికి అదే మనిషి చేత పంపాడు.

సుబ్బరాయుడు

తా.క.: మీ అవ్వ శాలువా, చీర, జ్ఞాపిక, నా కుర్చీ మీది దిండు తీసుకుని వెళ్లింది. దండ మేకకని చెప్పింది.


హిందూపురం,
గురువారం

గౌరవనీయులైన సుబ్బరాయుడు గారికి,

నమస్కారం. వ్యాసం మొత్తం చదివించారు. చాలా థాంక్స్. దిండు ఈ పార్సెల్‌లో పంపుతున్నాను. శాలువా గురించి అవ్వను అడగలేకపోయాను, కప్పుకుని నిద్రపోతోంది.

నిజమున్న పుస్తకం ఏదని అడిగిన పిల్ల పేరు కనుక్కుని రాయండి. కాన్వెంటు లైబ్రరీ పాత పుస్తకాలు తీసేసినప్పుడు సిస్టరు ఆ సన్నని పుస్తకాన్ని నాకు ఇచ్చేశారు. అట్ట లేదు, మొదటి రెండు పేజీలు లేవు. తెలుగులోకి రాస్తున్నాను. సగం అయింది. అందులో కుక్క ఉంది, పాట లేదు.

మీరు రాసిన సన్మాన పత్రం నా దగ్గర భద్రంగా ఉంది. నాకు ఎనిమిది భాషలు వచ్చని అందులో ఉంది. అది అచ్చు కాకపోవడమే మంచిది. ఎవరికి సన్మానమో వాళ్లే రాసుకోవడం పద్ధతని మీరే చెప్పారు కాబట్టి ఆ పద్ధతినే పాటించాను. జయచంద్ర గారిని ఏమీ అనకండి. ఆయన బంగారు అంచు వంకర లేకుండా వచ్చిందా అని మాత్రమే చూస్తారు.

ఇట్లు,
వనిత

తా.క.: ఏ కాలేజీ అని అడుగుతూ వచ్చారు. కాలేజీ కాదు. జయచంద్ర గారి ప్రెస్సులో కంప్యూటరు మీద అక్షరాలు కూర్చేది నేనే.